వంకాయ మాస్టారి నలభై అయిదు మార్కులు

పోయిన నెల పద్మారావు నగర్‌లో ఒక సంస్మరణ కూటానికి వెళ్లాను. పోయినాయన తొంభై దాకా బతికాడు. పాస్టరుగారు బల్లమీద చెయ్యి ఆనించి, "పిల్లలందరినీ ఒకే కంటితో చూసిన మనిషి. న్యాయం అనే మాటకు మన సంఘంలో ఆయనే అర్థం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయాను గాని నా వయసులో దగ్గు కూడా చెప్పినమాట వినదు. పక్కనున్న కోడలు కంగారుపడి మంచినీళ్లు అందించింది. ఇంటికొచ్చాక, "ఎందుకత్తయ్యా నవ్వారు?" అని నిలదీసింది. ఒక్క మాటలో చెప్పేది కాదు గనుక ఇలా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆయన పిల్లలు మంచివాళ్లు, ఎక్కడ కనబడినా ఆగి పలకరిస్తారు. కార్ఖానా పేటలో పెరిగిన మా పిల్లమూకకు మాత్రం ఆయన వంకాయ మాస్టారు. కారణం పెన్సిలు. ఆ రోజుల్లో తడి తగిలితే ఊదారంగు తిరిగే కాపీయింగ్ పెన్సిళ్లు ఉండేవి. ఆయన చెవి వెనక ఎప్పుడూ అదొకటి ఉండేది. అంకె వేసే ముందు దాని మొనను నాలుకకు అద్దుకునేవాడు. ఆయనకు అంకెలు వెయ్యడమే పని గనుక మధ్యాహ్నానికల్లా పెదాలు నవనవలాడే వంకాయల్లా తయారయ్యేవి. గంజిపెట్టిన ఖాకీ నిక్కరు, మెడలో ఈల, చంకలో అట్టపుస్తకం. నడిస్తే నిక్కరు టపటపమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు విని పిల్లలు వరసలో నిలబడేవాళ్లు.

మిషన్ బడిలో ఆయన డ్రిల్లు మాస్టారు. అంతకుముందు అక్కడ ఒక అమెరికా దొర ఉండేవాడట. ఆయన స్వదేశం వెళ్లిపోతూ నాలుగు కర్రలు, డజను తోలు చేతితొడుగులు, ఒక ఇనప ముసుగు ఉన్న పెట్టెను ఈయనకు అప్పగించి, "పిల్లలకు బేస్‌బాల్ నేర్పు. అన్ని జట్లూ సమానంగా ఉండాలి సుమా" అన్నాడట. ఒకడు బంతి విసిరితే ఒకడు కొట్టి, నాలుగు మూలలూ చుట్టి రావాలి. ఆట అంతే. దొర చెప్పిన రెండు మాటల్లో మాస్టారు రెండోదాన్నే పట్టుకున్నాడు. ఆట పెద్దగా రాదు గాని సమానం చెయ్యడంలో ఆయన్ను మించినవాడు లేడని ఆయన నమ్మకం.

పద్ధతి ఇది. ప్రతి పిల్లకూ పిల్లవాడికీ పదికి ఇన్ని అని మార్కులు వేసేవాడు. ముప్పై ఆరుమంది పిల్లలు, నాలుగు జట్లు. జట్టుకు తొమ్మిదిమంది. ఏ జట్టు మార్కులు కూడినా నలభై అయిదే రావాలి. ఎక్కువ మార్కుల పిల్లవాడు ఒకడు వస్తే, వాడితోపాటు తక్కువ మార్కులవాళ్లు రావాలన్నమాట. కూడిక కుదిరిన రోజు ఆయన ముఖం చూడాలి. పుస్తకం పైకెత్తి, "ఎర్రజట్టు నలభై అయిదు! పచ్చజట్టు నలభై అయిదు! ఏ జడ్జి సాబైనా వచ్చి చూసుకోవచ్చు. ఇన్సాఫ్, న్యాయం అంటే గిట్లుండాలె!" అని మైదానమంతా వినిపించేలా అరిచేవాడు.

ముప్పై ఆరుకు మగపిల్లలు చాలక ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు. మార్కులు వేయించుకోవడానికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"మీ నాయిన ఏం జేస్తడమ్మా?"

"టైపు కొడతారండి."

"యాడ?"

"ఆఫీసులోనండి."

"ఆయన కింద ఎంతమంది ఉంటరు?"

నేను బాగా ఆలోచించాను. "కుర్చీ ఉంటుందండి" అన్నాను.

పెన్సిలు నాలుకకు అద్ది, 'రెండు' అని రాసుకున్నాడు. బంతి విసిరింది ఆ తర్వాత. నేను భయంతో కళ్లు మూసుకుని చేతులు చాపాను. అది తిన్నగా వచ్చి నా దోసిట్లో పడింది.

"మాస్టారండీ, పట్టుకున్నానండీ!"

"అది పడ్డది. నువ్వు పట్టలే" అని తరువాతి పిల్లను పిలిచాడు.

అందరికీ ఇదే వరస. ముందు తండ్రి, తర్వాత మార్కు, చివరికి బంతి. కిరసనాయిలు డిపో సేటు కొడుకుకు ఎనిమిది. వాడు పరిగెత్తితే రెండో మూల దగ్గర కూర్చుని ఊపిరి పీల్చుకునేవాడు. పాస్టరుగారి అబ్బాయికి తొమ్మిది. వాడికి బంతి అంటే ఏడుపు. మెస్సులో వంటచేసే ఆయన కొడుకు ఎల్లయ్య బంతిని కొడితే అది మైదానం దాటి గుర్రాల తొట్టిలో పడేది. వాడికి ఒకటి. ఇళ్లలో తల్లులు మార్కులు చెప్పుకుని మురిసేవాళ్లు, ఏడ్చేవాళ్లు. మా అమ్మ రెండు రోజులు చర్చిలో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక ఆట మొదలయ్యేది. ఎనిమిదులూ తొమ్మిదులూ ఉన్న జట్టు ప్రతిసారీ చిత్తుగా ఓడేది. ఎల్లయ్యలాంటి ఒకటికి అయిదులూ ఆరులూ తోడైన జట్టు గెలిచేది. మాస్టారు పుస్తకం తెరిచి మళ్లీ కూడేవాడు. నలభై అయిదే వచ్చేది. "లెక్క బరాబరున్నది గద. మరి ఎందుకోడిన్రు?" అని నిజంగా బాధపడేవాడు. ఒకనాడు గాలి, ఒకనాడు ఎండ, ఒకనాడు ఎల్లయ్య తిన్న జొన్నరొట్టె. కారణం ఏదైనా కావచ్చు గాని పుస్తకం కాకూడదు.

ఆ పుస్తకంలో ఒక్క అంకె నిజం. సలీంకు వేసిన పది.

సలీం వాళ్ల నాన్న అమీన్. నిజాం పోలీసులో అమీన్ అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్. జీపు వస్తుంటే దుకాణాల వాళ్లు లేచి నిలబడేవాళ్లు. రజాకార్ల రోజులవి, పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. ఠాణాలో ఏం జరిగేదో నాకు తెలియదు. అమీన్ సాబ్ పేరు వస్తే మా నాన్న లేచి కిటికీ మూసేవాడని మాత్రం తెలుసు. ఆయన జీపు మైదానం పక్కనుంచి పోతుంటే మాస్టారు ఈల నోట్లోంచి తీసి, నడుం వంచి ఆదాబులు పెట్టేవాడు. కొడుకుకు పది పడింది ఆ ఆదాబులతోనే. కాని వాడి ఎడమచెయ్యి నిజంగా పది మార్కుల చెయ్యి. వాడు విసిరిన బంతి కనిపించేది కాదు, చేతితొడుగులో పడ్డ చప్పుడే వినిపించేది.

సలీం మంచివాడని అనను. దూరం పోయిన బంతిని వాడెప్పుడూ తెచ్చేవాడు కాదు, ఇంకొకరిని పంపేవాడు. "ఏయ్ దో నంబర్, ఆంఖ్ తెరువు! బంతిని చూడకుంటె అది నిన్నెట్ల చూస్తది?" అని నామీద అరిచేవాడు. ఆ ఆట గురించి నాకు ఎవరైనా ఏదైనా నేర్పారంటే ఆ అరుపే.

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. అయిదు రోజులు తలుపులు వేసుకుని కూర్చున్నాం. విమానం మోత వినిపించినప్పుడల్లా అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి, తను మంచం మీద కూర్చుని ప్రార్థన చేసేది. ఆరోనాడు తలుపు తెరిస్తే రోడ్డుమీద మిలిటరీ ట్రక్కులు, వాటిమీద పూలు. ఆ పూలు చల్లినవాళ్లలో మా మాస్టారు మొదటి వరసలో ఉన్నాడు. అమీన్ సాబ్‌ను కొలువులోంచి తీసేసి, విచారణ ముగిసేదాకా ఇల్లు కదలొద్దన్నారు. వాళ్ల ఇంటి ముందుండే జీపు పోయింది. నౌకర్లు పోయారు. కిటికీలకు గోనెపట్టాలు వేలాడాయి.

మా ఇంట్లో ఇంకొకటి జరిగింది. కొత్తగా వచ్చిన మిలిటరీ ఆఫీసులో అర్జీలను ఇంగ్లీషులో చెప్పే ఇంటర్‌ప్రెటర్లు కావలసివచ్చి, మా నాన్నను అక్కడికి మార్చారు. ఇంటి ముందు అర్జీలు పట్టుకుని మనుషులు నిలబడసాగారు. ఒక సాయంత్రం వాళ్లందరినీ దాటుకుని టపటపమనే చప్పుడు వినిపించింది. మాస్టారు! మా గడప తొక్కడం అదే మొదలు. టీ తాగాడు. నిక్కరు చప్పుడు కాకుండా జాగ్రత్తగా కూర్చుని, "బేస్‌బాల్ మల్ల షురూ జేస్తున్న సార్. మీ అమ్మాయికి ఎనిమిదేసిన" అన్నాడు.

మా నాన్నది గుంటూరు వైపు. నవ్వు దాచుకోవడం చేతకాని మనిషి. "ఎనిమిదా! దీనికి మెట్లు దిగడమే సరిగా రాదు కదండీ."

"ఇప్పుడు దిగుతది సార్" అన్నాడు మాస్టారు.

నాన్న పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ రాత్రి దుప్పటి కింద, ఎనిమిది, ఎనిమిది అనుకుంటూ నిద్రపోయాను. మర్నాడు మెట్లు దిగుతూ పడ్డాను కూడా. అయినా నా నమ్మకం చెదరలేదు.

చలికాలం మొదట్లో జట్లు చదివారు. మద్రాసు వైపునుంచి వచ్చిన మేజరుగారి అబ్బాయికి పది. ఆ పిల్లవాడి కళ్లద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి. సేటు కొడుకు ఎనిమిదిలోంచి తొమ్మిదికి ఎక్కాడు, డిపో ఇప్పుడు మిలిటరీకి సరుకు పోస్తోంది మరి. నాకు ఎనిమిది. మేం ముగ్గురం పచ్చజట్టు. మా ముగ్గురికే ఇరవై ఏడు ఖర్చయిపోవడంతో మిగిలిన ఆరుగురూ పద్దెనిమిది మార్కులతో సరిపెట్టుకోవలసిన చిన్నపిల్లలు.

తర్వాత మాస్టారు గొంతు సవరించుకుని, పుస్తకంలోంచి తలెత్తకుండా చదివాడు. "ఎర్రజట్టు. సలీం, రెండు."

సలీం వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో సలీం ఎవరైనా ఉన్నాడేమోనని.

"మాస్టర్ సాబ్, గలత్ రాసినట్టున్నవు. నాది పది."

"అది పాత పుస్తకం."

"చెయ్యి అదే గద!"

"జమానా మారింది బాబూ" అన్నాడు మాస్టారు. "చేతులు సుత మారుతయి. పో, లైన్ల నిలబడు."

వాడు ఎర్రబడిన ముఖంతో వెళ్లి ఎర్రజట్టులో నిలబడ్డాడు. వాడి పాత పదికి దగ్గరగా నేను, నా పాత రెండులో వాడు. నాకు జాలి కలిగిందని రాసుకుంటే బాగుంటుంది గాని ఆ రోజు నాకు కలిగింది గర్వం.

ఆట మొదలయ్యాక మాస్టారి లెక్క ఆయన్నే కరిచింది. పది మార్కుల చెయ్యి రెండుకే వచ్చింది గనుక, ఎర్రజట్టుకు మిగిలిన నలభై మూడు మార్కులకూ ఇంకా ఎనిమిదిమంది రావాలి. అందులో ఎల్లయ్యతో సహా నలుగురు నిజంగా ఆడేవాళ్లు. ఎర్రజట్టు అందర్నీ ఓడించింది. మేం అందరి చేతా ఓడిపోయాం. మేజరుగారి అబ్బాయి కర్ర ఊపితే బంతి వాడి వెనకాల ఎప్పుడో పడి ఉండేది. నావైపు వచ్చిన బంతులు నా మోకాళ్ల మధ్యగా తమ దారిన తాము పోయేవి. సలీం మూడు ఆటల్లో ఎవరిమీదా అరవలేదు. దూరం పోయిన బంతుల్ని తనే పరిగెత్తి తెచ్చుకున్నాడు.

నాలుగో ఆటకు మేజరుగారు మడతకుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పక్కన మా నాన్న. ఆట అయ్యాక మేజరుగారు పుస్తకం అడిగి తీసుకుని నెమ్మదిగా తిరగేశారు.

"ఏమండీ మాస్టారూ, ఆ ఎడంచేతి కుర్రాడికి రెండు మార్కులేనా?"

"అవును సార్. జెర కమ్జోరు పిల్లగాడు, బలం లేదు."

"మావాడికి పదా? వాడికి అద్దాలు తీస్తే నేను కనపడనండి!" మేజరుగారి వేలు కిందికి జారింది. "ఈ ఎనిమిది ఎవరు?"

మాస్టారు నావైపూ నాన్నవైపూ చూశాడు. పెదాలు ఊదాగా, మిగతా ముఖం తెల్లగా ఉన్నాయి. "ఇంటర్‌ప్రెటర్ సాబ్ బిడ్డ సార్..."

నాన్న తల దించుకున్నాడు. మెట్ల మాట చెప్పి ఎంత నవ్వాడో, ఆ తలదించుకోవడం అంత బరువుగా ఉంది. మాస్టారు ఇంటికొచ్చిననాడే ఆయన వద్దనగలిగేవాడు, అనలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది.

మేజరుగారు లేచి, బంతి తీసుకుని నాకు మెల్లగా విసిరారు. కళ్లు తెరిచే ఉంచాను. అది వచ్చి నా ముక్కుకు తగిలింది. ఆయన నా దగ్గరకు వచ్చి ముక్కు చూసి, రుమాలు ఇచ్చి, మాస్టారితో అన్నారు. "వచ్చే శనివారం మళ్లీ వస్తానండి. ఈ పుస్తకం ఈసారి నాన్నల్ని చూడకుండా రాయండి."

మాస్టారు అప్పటికప్పుడే పెన్సిలు నాలుకకు అద్ది, "సలీం! నీకు పది. మల్ల పది!" అని అరిచాడు.

సలీం కర్ర నేలమీద పెట్టాడు. "వద్దు. రెండే ఉండనియ్యి. రెండుకే ఆడుత" అని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు మాస్టారు మళ్లీ మా ఇంటికి వచ్చాడు. శనివారం లోపల సలీం పది ఒప్పుకోకపోతే మేజరు దగ్గర తన పని అయిపోయినట్టే. వాళ్లింటికి పోయి బతిమాలాలి. కాని అమీన్ ఇంటికి ఒంటరిగా పోతే చూసినవాళ్లు ఏమనుకుంటారో! ఇంటర్‌ప్రెటర్ కూతురు వెంట ఉంటే ఎవరూ అడగరు. అందుకని నన్ను తోడు పంపమన్నాడు. నాన్న, కట్టు కట్టిన ముక్కుతో ఉన్న నన్ను చూసి, "వెళ్లి ఆ అబ్బాయికి ఒక మాట చెప్పిరా అమ్మా" అన్నాడు. ఏ మాటో చెప్పలేదు.

గోనెపట్టా తొలగించి అమీన్ సాబే తలుపు తెరిచాడు. యూనిఫారం లేకుండా ఆయన్ను చూడడం అదే మొదలు. గడ్డం మాసి, లుంగీ కట్టుకుని, మామూలు పొడుగు మనిషి. లోపల గదిలో సలీం పరదా పక్కన నిలబడి ఉన్నాడు. మాస్టారు కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టాడు.

"సాబ్, చిన్న పొరపాటైంది. పిల్లగాడు పది తీసుకోనంటున్నడు. మీరు జెర సముదాయించాలె. మేజర్ సాబ్ శనివారం వస్తడు. నాకు బహుత్ పరేషానున్నది."

అమీన్ సాబ్ ఆయన వంక చూశాడు. కోపం లేదు. ఠాణాలో మనుషుల్ని ప్రశ్నలడిగిన మనిషి గనుక ప్రశ్న ఎలా వెయ్యాలో ఆయనకు తెలుసు.

"ఒక్క మాట అడుగుత మాస్టర్ సాబ్. నిజం చెప్పాలె. అప్పుడేసిన పది నాకా, మావానికా?"

నేను మాస్టారిని అంతకుముందూ ఆ తర్వాతా ఎన్నోసార్లు చూశాను గాని, పుస్తకం వైపు చూడకుండా జవాబు చెప్పడం ఆ ఒక్కసారే చూశాను.

"మీకే సాబ్" అన్నాడు. "కాని వానికి సరిగ్గ సరిపోయింది."

అమీన్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. తర్వాత, "విన్నవా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. నేను చెప్పాల్సిన మాట ఏదో నాకు తెలియలేదు. "నాది ఎనిమిది కాదు" అన్నాను. సలీం నా ముక్కు చూసి, "ఎరుకే" అన్నాడు.

శనివారం వాడు పదికి ఒప్పుకుని ఆడాడు. వాడికి పది, కొత్త పుస్తకంలో ఎల్లయ్యలాంటివాళ్లకూ పెద్ద మార్కులే గనుక వాళ్లు వేరే జట్లకు పోయి, మాలాంటివాళ్లం వాడికి దక్కాం. ఆ పూటంతా నన్ను ఉర్దూలో తిట్టాడు, నాకు తెలియని తిట్లు కూడా. ఆఖరి దాకా పోరాడి ఓడిపోయాం. మేజరుగారు చప్పట్లు కొట్టారు. రెండు నెలల తర్వాత అమీన్ సాబ్ కుటుంబం ఔరంగాబాద్ వైపు చుట్టాల దగ్గరికి వెళ్లిపోయింది. సలీం ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ రోజు అమీన్ సాబ్ ఇంట్లోంచి బయటికొచ్చాక మాస్టారు కార్ఖానా మలుపు దగ్గర ఆగి, చుట్టూ చూసి, నా ఎత్తుకు వంగాడు.

"లోపల నేనన్నమాట ఎవలకు చెప్పకమ్మా. మీ నాయినకు సుత చెప్పకు. కొత్త పుస్తకంల నీకు ఒకటి పడాలె. నాలుగేస్త."

నేను కట్టు కట్టిన ముక్కుతో ఆయన ముఖంలోకి చూశాను.

"అయిదు" అన్నాను.

ఆయన పెన్సిలు నాలుకకు అద్దుకున్నాడు. అయిదు వేశాడు. నేను కూడా మాట నిలబెట్టుకుని, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.